చదవడం కష్టమైతే చదువు ఆగిపోవాలా? డిస్లెక్సియా ఉన్న పిల్లలకు, పెద్దలకు ఇంట్లో చేయదగ్గ పనులు

పాఠం నోటితో చెబితే అరగంటలో పట్టేస్తాడు. అదే పాఠం పుస్తకం తెరిచి చదవమంటే రెండో వాక్యానికే చెమటలు. నిన్న చదివిన మాట ఇవాళ కొత్తగా కనిపిస్తుంది. ‘అక్క’ను ‘అక’ అని రాస్తాడు, ‘శక్తి’ని ‘శకిత’ అని చదువుతాడు, బోర్డు మీది నోట్సు దించుకుంటూ సగం లైన్లు వదిలేస్తాడు. ఇంట్లో బద్ధకం అంటారు, బడిలో శ్రద్ధ లేదంటారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఉన్నది డిస్లెక్సియా. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతచేసే పని వాళ్ళ మెదడుకు కష్టం. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. ఇది కుటుంబాల్లో వస్తుంటుంది కూడా. తండ్రికో మేనమామకో చిన్నప్పుడు ఇదే ఉండి, దానికి ఎవరూ పేరు పెట్టకపోయి ఉండొచ్చు.

ఇక్కడ చెప్పే పనులన్నీ ఒకే పద్ధతి మీద నడుస్తాయి. అక్షరాలు చదవడం నేర్చుకోవడం ఒక పని, సైన్సూ సోషలూ నేర్చుకోవడం ఇంకో పని. రెండూ ఒకే గంటలో, ఒకే పుస్తకంతో చేయించబోతే రెండూ చెడతాయి. పాఠాలు చెవి ద్వారా వెళ్ళాలి, తరగతితో సమానంగా వెళ్ళాలి. అక్షరాల సాధన విడిగా, రోజుకు 20 నిమిషాలు, పిల్లాడు నిజంగా ఉన్న చోటునుంచి మొదలవ్వాలి.

ముందు చేయాల్సినవి

కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. చూపు, వినికిడి బాగుంటే ఆ అనుమానం తీరిపోతుంది. డిస్లెక్సియా కంటి జబ్బు కాదు, కాబట్టి రంగు అద్దాలు, కంటి కసరత్తుల కోసం డబ్బు పోయకండి. అవి డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘం కలిసి 2009లోనే ప్రకటించాయి.

తరవాత పిల్లాడికి చెప్పండి. దాచితే వాడు తనకు తానే ఓ కారణం వెతుక్కుంటాడు, అది ‘నేను మొద్దు’ అనేదే అవుతుంది. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘నీ బుర్ర బాగానే పనిచేస్తుంది. అక్షరాలు చదవడం మాత్రం నీకు మిగతా వాళ్ళకంటే ఎక్కువ కష్టం. దానికి వేరే పద్ధతి ఉంది, మనం అలా చేద్దాం’ అనండి. చుట్టాల ముందు పేపరు చదివించడం, తమ్ముడితో పోల్చడం ఆ రోజునుంచే మానేయండి.

రోజూ 20 నిమిషాలు

వారానికి ఐదు రోజులు, ఒకే వేళకు. బడినుంచి రాగానే వద్దు, అప్పటికే అలిసిపోయి ఉంటాడు. తిండి తిని, కాసేపు ఆడుకున్నాక కూర్చోబెట్టండి. ఆదివారం రెండు గంటలు రుద్దడం కంటే రోజూ 20 నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి.

మొదటి మూడు నిమిషాలు పుస్తకం మూసే ఉండాలి. ఇది చెవి సాధన. ‘మామిడిపండు’ అని చెప్పి ముక్కముక్కకూ చప్పట్లు కొట్టించండి: మా, మి, డి, పం, డు, అయిదు. ఇది తేలికైతే ‘పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?’ అని అడగండి. ఆపైన ‘కలంలో క బదులు బ పెట్టు’. చివరిగా ‘క, కి: ఈ రెంటిలో మారిందేంటి?’ తెలుగు పిల్లలకు మొదటి రెండూ త్వరగా వస్తాయి. చివరిదానికి వారాలు పట్టినా కంగారు పడకండి. అక్షరం లోపలి ధ్వనిని విడిగా వినగలగడమే గుణింతానికీ, రేపు ఇంగ్లీషు స్పెల్లింగుకూ పునాది.

తరవాత ఏడెనిమిది నిమిషాలు అక్షరాలు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పిల్లాడు ‘క కా కి కీ’ పాటలా గడగడా చెప్పేస్తుంటే వచ్చేసిందనుకుంటారు. ఆ వరస నోటికి వచ్చింది, కంటికి రాలేదు. ‘తె’ అని ఒక్కదాన్ని చూపించి అడిగితే త, తా, తి అంటూ మొదటినుంచి ఎక్కి రావాల్సి వస్తుంది. అందుకని వరస తప్పించి అడగండి. మంచి సాధనం ఇలా తయారవుతుంది: అట్టముక్కల మీద హల్లులను తలకట్టు లేకుండా పెద్దగా రాయండి. నోటుబుక్కులకు వేసే పారదర్శక అట్ట చింపి, దాని ముక్కల మీద గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, తలకట్టు ఎర్ర మార్కరుతో రాయండి. హల్లు మీద ఒక్కో ముక్కా పెడుతూ ‘క కు గుడిస్తే కి, గ కు గుడిస్తే గి’ అనిపించండి. గుడి వచ్చినప్పుడు తలకట్టు పోతుందన్న సంగతి చేత్తో పెట్టి తీస్తే గాని చాలామందికి అర్థం కాదు. ‘క కు గుడిస్తే కి’ అనే ఈ వీధిబడి పాత పాట ఈ పిల్లలకు ఇంత బాగా పనికిరావడానికి కారణం ఉంది: అది ధ్వనినీ గుర్తునూ ఒకేసారి పలికిస్తుంది.

ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే వారంలో నేర్పకండి. ద, ధ, థ ఒక గుంపు. ధ లో కింద గీత, థ లో ఆ గీతతోపాటు మధ్యలో చుక్క. వ, మ ఇంకో జట్టు. వ పక్కన కొమ్ము తగిలించినట్టుండేదే మ. అందుకే ‘పు, ఫు, వు’లకు కొమ్ము పక్కన కాకుండా కిందికి దిగి వస్తుంది, లేకపోతే ‘వు’ను ‘మ’ అని చదివేస్తాం. ‘వి’, ‘మి’ తారుమారవడానికీ ఇదే కారణం. పిల్లాడి తప్పులో కూడా ఒక తర్కం ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. ముందు ఒకదాన్ని గట్టిచేయండి. మూడు రోజులు వరసగా పదికి పది సార్లూ సరిగ్గా చెప్పాకే దాని జోడీని తీసుకురండి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడానో వాడి వేలితోనే చూపించమనండి.

గట్టిపడని అక్షరాన్ని పళ్ళెంలో పరిచిన బొంబాయి రవ్వ మీద రాయించండి. అర సెంటీమీటరు మందం చాలు. అక్షరం అరచేయంత పెద్దగా ఉండాలి, రాస్తున్నంతసేపూ ధ్వని పైకి అనాలి. నోరు మూసుకుని రాస్తే సగం ఫలితమే.

ఒత్తులకు ఒక సూత్రం ఉంది, దీన్ని కాగితం మీద రాసి గోడకు అంటించవచ్చు: మధ్య, కింద, పైన. ‘శక్తి’లో రెండో అక్షరం చూడండి. మధ్యలో క, దాని కింద త ఒత్తు, పైన గుడి. కన్ను ముందు మధ్యనూ పైననూ చూసి ‘కి’ అనేస్తుంది, ఆ తరవాత కింద ఉన్న త గుర్తొచ్చి ‘శకిత’ అవుతుంది. నిజానికి పలకాల్సిన వరస క్, త్, ఇ. వేలు మధ్యలో పెట్టి, కిందికి దించి, పైకి ఎత్తమనండి. ‘వెళ్ళి’, ‘చెట్టు’, ‘నక్షత్రం’ ఇలాగే విడతాయి. కొమ్ము పక్కన ఉంటుంది కాబట్టి అది చివర్న. ఐత్వం దగ్గర జాగ్రత్త: ‘కై’లో కింద కనిపించేది ఒత్తు కాదని ముందే చెప్పండి. గ, డ, ట వంటివి ఒత్తులైనప్పుడు సుమారు అవే రూపంలో ఉంటాయి, అవి ముందు. త, న, మ, య, ర, ల రూపం మార్చుకుంటాయి, అవి తరవాత, వారానికి ఒకటి చొప్పున.

మిగిలిన సమయం చదవడానికి. పుస్తకం ఎంచుకునే లెక్క తేలికే: 20 మాటల్లో ఒకటి రెండు తప్పితే సరిపోయే పుస్తకం, నాలుగైదు తప్పితే కష్టమైనది. తరగతి పుస్తకం కష్టమైతే దాన్ని ఈ 20 నిమిషాల్లోకి తీసుకురావద్దు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి చిన్నపిల్లలదని పన్నెండేళ్ళ పిల్ల సిగ్గుపడితే, చెల్లికి చదివి వినిపించమనండి. చదవడానికి ఒక కారణం దొరుకుతుంది, సిగ్గూ ఉండదు.

మొదట ఇద్దరూ కలిసి పైకి చదవండి, మీ గొంతు కాస్త ముందు. వాడు ఒంటరిగా చదవగలననుకున్నప్పుడు బల్ల మీద తడతాడు, మీరు ఆగిపోండి. ఎక్కడైనా చిక్కుకుంటే మనసులో అయిదు లెక్కపెట్టి మాట చెప్పేయండి, దాన్ని వాడితో ఒకసారి అనిపించి ముందుకు సాగండి. ‘ఆలోచించు, ఆలోచించు’ అని అక్కడే నిలబెడితే వాక్యం అర్థం జారిపోతుంది. 60, 70 మాటల పేరా ఒకటి తీసుకుని అదే నాలుగు రోజులు చదివించండి. ఫోన్లో టైము చూసి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. సోమవారం 140 సెకన్లు పట్టింది గురువారం 95కి వస్తే ఆ అంకె వాడికే చూపించండి. పక్కింటి పిల్ల ఎన్ని సెకన్లలో చదివిందన్న మాట ఎత్తకండి. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు బాగా కుదురుతుంది కాబట్టి, సాధన సాగేకొద్దీ తప్పులు తగ్గుతాయి, నిదానం మాత్రం చాలాకాలం ఉంటుంది. తప్పుల్లేవు కదా, డిస్లెక్సియా పోయిందని సాయం ఆపేయడం అందుకే పొరపాటు.

పొడుగు మాటలు ఈ పిల్లల్ని ఎక్కువగా భయపెడతాయి, మన భాషలో అవే ఎక్కువ. ‘వెళ్ళిపోతున్నప్పుడు’ చూడగానే కన్ను చివరికి దూకేస్తుంది. పెన్సిలుతో అర్థం దగ్గర గీత పెట్టండి: వెళ్ళి/పోతున్న/ప్పుడు. ‘-ప్పుడు’, ‘-నుంచి’, ‘-తున్నారు’, ‘-లేదు’ లాంటి తోకల్ని ఓ ఇరవై ఏరి కార్డుల మీద రాసి, చూడగానే చెప్పేంతవరకు ఆడించండి. తోక గుర్తుపడితే సగం మాట అయిపోయినట్టే.

ఇంగ్లీషును తెలుగుతో కలిపేయకండి. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, ధ్వని ఒకటి. సీ అనే అక్షరం ‘క్యాట్’లో క్, ‘సిటీ’లో స్. ముందు ధ్వనులు నేర్పండి, స్పెల్లింగు వల్లె వేయించడం వద్దు. ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అనే పిల్లలు రాసేటప్పుడు కూడా ముందో అచ్చు చేరుస్తారు, కాబట్టి ముందు నోరు సరిచేయాలి. చిన్న బీ, డీ తిరగబడటం ఏడేళ్ళ దాకా చాలామంది పిల్లల్లో ఉంటుంది. ఆ ఒక్కదాన్ని చూసి డిస్లెక్సియా అని తేల్చేయకండి.

పాఠాలు చెవి ద్వారా

పాఠ్యపుస్తకం వినిపించడం అంటే సోమరితనం నేర్పడం అనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకున్న పిల్లను ఎవరూ సోమరి అనరు.

ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, అందులో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేయండి. తరవాత టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగులో గూగుల్ ఇంజన్ ఎంచుకుని తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేయండి. ఇది మరిచిపోతే తెలుగు పేజీ దగ్గర ఫోను మూగపోతుంది, లేదా ఇంగ్లీషు గొంతుతో ఖూనీ చేస్తుంది. వేగం మామూలుకంటే కాస్త తగ్గించి మొదలుపెట్టండి. ఐఫోన్లో యాక్సెసిబిలిటీ కింద స్పీక్ స్క్రీన్ ఉంటుంది, వాయిసెస్ జాబితాలో తెలుగు ఉందేమో చూసుకోండి.

అచ్చు పుస్తకమైతే గూగుల్ లెన్స్‌తో ఫోటో తీసి, అక్షరాలన్నీ ఎంచుకుని, లిజన్ నొక్కాలి. పేజీ చదునుగా ఉండాలి, మీ నీడ పడకూడదు. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఒక్కో కాలమ్ విడిగా తీయండి, లేకపోతే అటు వాక్యం ఇటు వాక్యంతో అతుక్కుంటుంది. చిన్న అచ్చులో ఒత్తులు ఎగిరిపోతాయి, దగ్గరగా తీస్తే వస్తాయి.

పీడీఎఫ్‌లతో తెలుగువాళ్ళకు ఇంకో తంటా ఉంది. చాలా పుస్తకాలు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో తయారైనవి, అన్ని ఫోన్లకూ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతిలో కావు. కంటికి తెలుగే, ఫోనుకు మాత్రం పిచ్చిగీతలు. కాపీ చేసినా, చదివించినా చెత్త వస్తుంది. అప్పుడు పేజీని స్క్రీన్‌షాట్ తీసి లెన్స్‌కు ఇవ్వండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అది బొమ్మలోని అక్షరాల్ని చదివి యూనికోడ్ చేస్తుంది.

మిషను గొంతు నచ్చని పిల్లలకు మీరే చదివి రికార్డు చేయండి. ఒక్కో శీర్షికకు ఒక్కో ఫైలు, అయిదు నిమిషాలు దాటకుండా, ‘సోషల్ 3-2’ అని పేరు పెట్టి. వింటున్నంతసేపూ పుస్తకం మీద వేలు నడవాలి. విన్నాక మూడు ముక్కల్లో తిరిగి చెప్పాలి. రాసే హోంవర్కు ఎక్కువైతే జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) తెలుగు చేర్చి మైకు నొక్కి చెప్పించవచ్చు. కానీ పంపేముందు అదే ఫోనుతో ఒకసారి చదివించుకుని వినాలి, తను చూసి పట్టుకోలేని తప్పు చెవికి దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురుపక్క ఇంగ్లీషు ఉంటాయి. ముందు తెలుగు పక్క విని అర్థం చేసుకుని, ఆ తరవాత ఇంగ్లీషు పక్కకు వెళ్ళడం ఈ పిల్లలకు చాలా నయం.

ఆడియో, డిజిటల్ పుస్తకాల కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. మామూలు అచ్చు చదవలేనివాళ్ళ కోసం పెట్టింది. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఇలాంటివారికోసం పుస్తకాన్ని అనువైన రూపంలోకి మార్చుకోవడానికి అనుమతి ఇస్తుంది.

ఇంట్లో ప్రింటు తీసేటప్పుడు అక్షరం 16 నుంచి 18 పాయింట్లు, లైన్ల మధ్య ఒకటిన్నర నుంచి రెండు రెట్ల ఖాళీ పెట్టండి. తెలుగుకు ఈ ఖాళీ ఇంగ్లీషుకంటే ఎక్కువ కావాలి, పై లైను ఒత్తులు కింది లైను గుళ్ళతో గుద్దుకుంటాయి కదా. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి అలంకారం లేని ఫాంట్లు చాలు.

బడితో మాట్లాడటం

టీచరుతో గొడవ పెట్టుకునేముందు ఒక కాగితం మీద నాలుగు కోరికలు రాసి ఇవ్వండి, నలభై వద్దు. ఒకటి, ముందు చెప్పకుండా తరగతిలో పైకి చదివించవద్దు. రెండు, బోర్డు మీది నోట్సు ఫోటో తీసుకోనివ్వండి. మూడు, సైన్సులో సోషల్‌లో అక్షరదోషాలకు మార్కులు కోయవద్దు. నాలుగు, తప్పు రాసిన మాటను యాభైసార్లు రాసుకురమ్మనవద్దు. పదోసారి దాటాక చేయి రాస్తుంది, బుర్ర చూడదు. పైగా ఒకసారి తప్పు దించుకుంటే ఆ తప్పే యాభైసార్లు గట్టిపడుతుంది.

సర్టిఫికెట్, పరీక్షలు

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్ళు నిండాక సర్టిఫికెట్ ఇస్తారు. 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్షిస్తారు. 18 ఏళ్ళకు ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. ఈ మార్గదర్శకాలను కేంద్రం 2024లో సవరించింది, కాబట్టి ఇప్పటి నియమాలు వైద్య బోర్డును అడగండి. తెలివితేటల పరీక్ష ఒకటి, చదవడం, రాయడం, లెక్కల పరీక్ష ఒకటి ఉంటాయి. రెండోదానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షల సమితిని వాడతారు. పిల్లాడి చదువు ఏ భాషలో సాగుతోందో ముందే చెప్పండి. రెండేళ్ళ నోటుబుక్కులు, ప్రోగ్రెస్ కార్డులు, టీచరు రాసిన ఉత్తరం, ఆధార్, ఫోటోలు తీసుకెళ్ళండి. నోటుబుక్కుల్లో తప్పులు దిద్ది శుభ్రం చేసినవి వద్దు, అసలువే కావాలి. ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు చదువుకు దారి చూపిస్తుంది, కానీ ప్రభుత్వ రాయితీకి అధీకృత వైద్య బోర్డు సర్టిఫికెటే కావాలి. యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

40 శాతం, ఆపైన వైకల్యం నమోదైతే పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట. స్క్రైబును, అంటే మనం చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషిని కూడా అడగవచ్చు. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) ఉన్న విద్యార్థినికి ఆ అదనపు గంట ఇవ్వకపోతే కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అది ఆమెకు దక్కాల్సిన హక్కేనని కోర్టు అవనీ ప్రకాశ్ తీర్పులో చెప్పింది. 40 శాతం లోపు ఉన్నా రాయడం నిజంగా కష్టమైనవారికి స్క్రైబు దారి మూసుకుపోలేదు. 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన వికాశ్ కుమార్ తీర్పు తరవాత 2022 ఆగస్టులో వారికోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆలస్యం వల్లే ఎక్కువమంది నష్టపోతారు. పదో తరగతి హాల్‌టికెట్ వచ్చాక పరిగెత్తితే పని కాదు. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) వెళ్ళేముందే హెడ్‌మాస్టరు ద్వారా దరఖాస్తు బోర్డుకు చేరాలి, కాబట్టి సర్టిఫికెట్ పని తొమ్మిదిలోనే మొదలుపెట్టండి. ఒక భాష మినహాయింపు, పాస్ మార్కుల సడలింపు బోర్డును బట్టి మారతాయి. ఆ ఏటి ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోండి. స్క్రైబు దొరికినంత మాత్రాన సరిపోదు. జవాబు నోటితో వాక్యాలుగా చెప్పడం వేరే విద్య, కనీసం అయిదు పాత పేపర్లు ఆ పద్ధతిలో రాయించండి. మీరే స్క్రైబును తెచ్చుకుంటే ఆ వ్యక్తి చదువు పరీక్ష రాసేవారికంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 నియమం చెప్పింది. 2025లో కేంద్రం స్క్రైబు నియమాలు మార్చింది, కాబట్టి మీ బోర్డు ఇప్పుడు ఏది పాటిస్తోందో అడగండి.

పెద్దయ్యాక

డిస్లెక్సియా వయసుతో పోదు, దాన్ని మోసే పద్ధతులు బాగుపడతాయి. ఉద్యోగంలో ఉంటే మీటింగు కాగితాలు ఒకరోజు ముందు అడగండి, రాత్రి ఫోనుతో విని వెళ్ళండి. పొడుగు మెయిల్‌కు జవాబు నోటితో చెప్పి టైపు చేయించి, పంపేముందు వినండి. బ్యాంకు ఫారాల కోసం ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, చిరునామా, ఐఎఫ్‌ఎస్‌సీ, ఖాతా నంబరు స్పష్టంగా రాసిన చిన్న అట్ట పర్సులో ఉంచుకోండి. పిన్, ఓటీపీ దాని మీద ఎప్పుడూ రాయకండి. అంకెలు తారుమారయ్యేవాళ్ళు ఖాతా నంబరును నాలుగేసి అంకెలుగా విడదీసి పైకి చదవాలి. డబ్బు పంపేటప్పుడు నంబరు కొట్టడం కంటే క్యూఆర్ స్కాన్ చేసి, వచ్చిన పేరు చూసుకోవడం మేలు. మందుల షాపులో బిళ్ళల అట్ట మీద పొద్దునకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ వేసి ఇవ్వమనండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం రిజర్వేషన్లో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి కలిపి ఉంటుంది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయంతో నడిచే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు దివ్యాంగులకు కేటాయించాలి. రెంటికీ 40 శాతం సర్టిఫికెట్ కావాలి. 18 ఏళ్ళ పరీక్షను బద్ధకించి వదిలేసినవారు సరిగ్గా ఈ దశలోనే ఇబ్బంది పడతారు.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్ల డిస్లెక్సియా రాదు, తెలుగు మానేస్తే తగ్గదు. అమెరికాలో అయితే పరీక్ష చేయమని బడిని రాతపూర్వకంగా అడగండి, నోటిమాటకు రుజువు ఉండదు. తెలుగు చదవడం, రాయడం కాస్త వెనక పెట్టినా ఫరవాలేదు. అమ్మమ్మతో తెలుగులో కబుర్లు మాత్రం ఆపకండి.